హాబీకి పది మార్కులు

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, జూన్ నెలలో, నన్ను ప్రవేశాల కమిటీకి కన్వీనరుగా వేశారు. తాడేపల్లిగూడెం దగ్గర ఒక ప్రైవేటు కళాశాలలో అప్పుడు జువాలజీ చెప్పేవాణ్ణి. కన్వీనరంటే దరఖాస్తులు వడబోసి, ఇంటర్వ్యూ నడిపి, మార్కులు కూడేవాడు. సంతకం మాత్రం అధ్యక్షుడిది. ఆయన యాజమాన్య సభ్యుడు, రైస్ మిల్లు యజమాని.

ఆ ఏడు కొత్త నిబంధన వచ్చింది. అరుదైన హాబీకి పది మార్కులు. అందులో అందరికంటే ఎక్కువ తెచ్చుకున్నవారికి ఫీజు లేని సీటు. ఈ కబురు మా నోటీసు బోర్డు కంటే ముందే ఏలూరులో ఒక కోచింగ్ సెంటరుకు చేరింది. కొల్లేరు దగ్గరే కనుక, వాళ్లు అందరినీ పక్షి ప్రేమికుల్ని చేసేశారు. ఇంటర్వ్యూ రోజున గూడబాతును ప్రేమించని విద్యార్థి దొరకడం కష్టమైంది. ఒక కుర్రాడు మెడలో బైనాక్యులర్స్‌తో వచ్చాడు. కిటికీలోంచి చూడమంటే, అద్దాల మూతలు తీయకుండానే చాలాసేపు చూసి, "ఈ సీజన్లో రావండి" అన్నాడు. అధ్యక్షుడు మెచ్చుకుని తొమ్మిది వేశారు.

తరువాత వచ్చిన అమ్మాయి కొల్లేటి లంక గ్రామంలో చేపల రైతు కూతురు. ఆ సీటు రాకపోతే చదివించలేనని తండ్రి వరండాలో నాతో ముందే చెప్పాడు. ఆమె దరఖాస్తులోనూ పక్షి ప్రేమే ఉంది.

"పక్షులతో ఏం చేస్తావమ్మా?" అన్నారు అధ్యక్షుడు.

"తోలేస్తానండి. పొద్దున్నే చెరువు గట్టెక్కి డబ్బా కొడతానండి."

"మరి ప్రేమ అని రాశావే?"

"నేను కాదండి, సెంటర్లో సారు రాశారండి. ప్రేమేంటండి బాబూ, నీటికాకులు మా చేప పిల్లల్ని మింగేస్తుంటే!"

వరండాలో తండ్రి తల పట్టుకోవడం కనిపించింది. అధ్యక్షుడు నా వైపు వంగి, "ఇది హాబీ కాదు, పని. పనికి మార్కులు వేస్తే మా మిల్లులో కూలీలందరికీ వేయాలి" అన్నారు. నిబంధన ప్రకారం ఆయన మాట సరైనదే. హాబీ అంటే అవసరం లేకపోయినా చేసేది. అందుకని, చేపలన్నీ పట్టేసి చెరువు ఎండగట్టాక కూడా గట్టు మీదికి వెళ్తావా అని అడిగాను.

"వెళ్తానండి. అప్పుడు డబ్బా తీసుకెళ్లనండి."

"మరేం చేస్తావు?"

"కూర్చుని చూస్తానండి. బురదలో మిగిలినవి ఏరుకుంటాయండి. నీటికాకి రెక్కలు ఆరబెట్టుకుని నిలబడతాదండి, మా తాత పంచె ఆరేసుకున్నట్టు. తిట్టుకుంటూనే చూస్తానండి. అమ్మ కేకేస్తే గానీ ఇంటికి రానండి."

నేను పది వేశాను. దరఖాస్తులో రాసింది అబద్ధమే కదా అని అధ్యక్షుడు సంతకం దగ్గర ఆగారు. ఆ లెక్కన అందరినీ తిప్పి పంపాలి, సీట్లన్నీ ఖాళీ, ఈ ఏడు కళాశాల తెరవనక్కర్లేదన్నాను. ఖాళీ సీట్ల మాట వినగానే సంతకం పెట్టారు. ఫీజు లేని సీటు ఆ అమ్మాయికే వచ్చింది.

హాబీ ఏమిటని అడిగితే జవాబు తెలుస్తుంది, హాబీ తెలియదు. ఆ ఇంటర్వ్యూ నాకు నేర్పింది అదే. మరుసటి ఏడాది ఆ ప్రశ్న మానేసి, పనేమీ లేనప్పుడు ఎక్కడికి వెళ్తావని అడగడం మొదలుపెట్టాను. ఆ పద్ధతి ఒక పూట బాగా పనిచేసింది. మధ్యాహ్నం నుంచి వచ్చినవాళ్లంతా లైబ్రరీకి వెళ్తామన్నారు.