కమలాపురం చేను మీద చిన్న విమానం

ఆకాశంలో శత్రువును వేటాడిన మహాగాథ చెబుతాను. శత్రువు పేరు వేరుశనగ ఆకుమచ్చ తెగులు, గాలిలో కొట్టుకొచ్చే బూజు బీజాలతో పాకుతుంది. వేటాడింది రిమోటుతో ఎగిరే, మూడు చోట్ల టేపు చుట్టిన బొమ్మ విమానం. గాథ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

2005 ఖరీఫ్‌లో నన్ను పరిశోధన సహాయకుడిగా కడప నుంచి కమలాపురం పక్క చేలకు వేశారు. హోదాలో నాకంటే కిందున్నది ఆ విమానం ఒక్కటే. దాని రెక్క కింద చిన్న పెట్టె, అందులో వాజలిన్ పూసిన గాజుపలకలు. వంద అడుగుల ఎత్తున మీట నొక్కితే పెట్టె తెరుచుకుంటుంది, బీజాలు జిడ్డుకు అంటుకుంటాయి. వాటిని మైక్రోస్కోపు కింద లెక్కపెట్టి, ఆకుమీద మచ్చ కనబడకముందే మందు కొట్టమని రైతుకు చెప్పాలి.

ఓబులేసు అనే రైతు నాలుగెకరాల వేరుశనగలో అప్పుడే కాయ కట్టే ఊడలు మట్టిలోకి దిగుతున్నాయి. ఇంటిల్లిపాదికీ, ఎద్దుల జతకూ ఆ చేనే ఆధారం. మందు తెచ్చిపెట్టుకుని మా మాటకోసం చూస్తున్నాడు. ఇంజను నూనె పొగ చేను మీద తెల్లగా పరుచుకోవడం చూసి అడిగాడు.

"ఏమప్పా, మందు కొడ్తాండాదా అది?"

"అంతా అయిపోయింది పెద్దాయనా, ఇంగ ఇంటికి పోయి పండుకో" అన్నాను. మా జీపు డ్రైవరు నవ్వాడు. ఓబులేసు నవ్వలేదు, దండం పెట్టాడు. అదీ హాస్యమే అనుకున్నాను.

ఐదోరోజు లెక్క తేలింది. బీజాలు ప్రమాదపు హద్దు దాటి ఉన్నాయి. వెంటనే మందు కొట్టమని చీటీ రాసి బస్సు కండక్టరు చేత పంపాను. రెండు వారాల తర్వాత వెళ్తే చేనంతా మచ్చలు. స్ప్రేయరు కొట్టంలో దుమ్ము పట్టి ఉంది.

చీటీ అందలేదా అని అడిగాను.

"అందె. ఆ పొద్దు మీరే కొడితిరి గదా. రెండుతూర్లు కొడితే పైరు మాడిపోదా?"

అది వట్టి పొగ అని చెప్పాను.

"నవ్వులాటకు అంటివని నాకెట్ల తెలుస్తాది సార్? చేతిలో మిషను పెట్టుకోని ఉండావు."

ఆ తర్వాత ఆలస్యంగా కొట్టిన మందు ఆకును నిలపలేదు. పీకితే సగానికిపైగా డొల్లకాయలు. మేతకు కట్టె, అంటే కాయ కోసిన ఎండు చెట్టు, మిగలక ఎద్దులను సంతకు తోలాడు. నా నివేదికలో మాత్రం విమాన ప్రయోగం విజయవంతం. బీజాలు మేం లెక్కపెట్టినట్టే వచ్చాయి కదా.

చేలో నిలబడి ఉద్యోగి ఏమన్నా రైతు దాన్ని సిఫారసుగానే తీసుకుంటాడు. యంత్రం ఏం చేస్తుందో చెప్పేముందు ఏం చేయదో చెప్పాలి. మరుసటి ఏడు రెక్క కింద "ఇది మందు కొట్టదు" అని ఎర్రరంగుతో రాయించాను. వంద అడుగుల ఎత్తున ఆ అక్షరాలు కనబడవు.