దొర పొలంలోంచి దారి

2017 మే నెలాఖరు. ఇంగ్లండులో నది ఒడ్డున ఒక పల్లె. పేరు రాయను. అక్కడివాళ్ళు మా బస్సుల్ని ఇప్పటికే చాలినంత భరిస్తున్నారు. మలేసియాలో సుంగై పెటాని ఊళ్ళోని ఒక ట్రావెల్స్ ఆఫీసులో టూర్ లీడర్‌గా పనిచేస్తూ, ఇంకెన్నాళ్ళు చెయ్యగలనా అనుకుంటున్న రోజులవి. టూర్ లీడర్ అంటే కోటల గురించీ రాజుల గురించీ చెప్పేవాడు కాదు. అందుకు ప్రతి ఊళ్ళోనూ లోకల్ గైడ్ ఉంటారు. మలేసియాలో విమానం ఎక్కించినవాళ్ళని మళ్ళీ మలేసియాలో దింపేవాడు టూర్ లీడర్. మధ్యలో వచ్చే మాత్రలు, సూట్‌కేసులు, అలకలు, గదిలో వేడినీళ్ళు రాలేదన్న ఫిర్యాదులు అన్నీ అతనివే. బస్సు కదిలే ముందు తలలు లెక్కపెట్టడాన్ని మేము హెడ్‌కౌంట్ అంటాం. నిద్రలో కూడా లెక్కపెట్టేవాణ్ణని మా ఆవిడ అనేది.

బడిలో చదువుకునే రోజుల నుంచి నాకు డైరీ రాసే అలవాటు. కానీ ఆ రోజు పేజీలో ‘వాన, మోకాళ్ళు, బస్సు ఆలస్యం’ అని మాత్రమే ఉంది. మిగతాది రాయడానికి ఆ సాయంత్రం ఓపిక లేకపోయింది.

ఆ బృందంలో ఎక్కువమంది కెడా, పేరాక్ రాష్ట్రాల తెలుగువాళ్ళు. లండన్ అందరినీ అలిసిపోయేలా చేసింది. పల్లెలో గడిపే రోజు కాస్త విశ్రాంతి అని అందరం అనుకున్నాం. పొద్దున పాత చర్చి, రాతి వంతెన, నీటి మర చూశాం. భోజనాలయ్యాక నది పక్క పచ్చికలోంచి నడిచి, కూలిపోయిన ఒక పాత మఠాన్ని చూడాలి. ఆ నడక కోసం ఎదురుచూసిన మనిషి ఒక్కరే, పైడమ్మ వదిన.

ఆమెది సుంగై పెటానే. భర్త సన్యాసి అన్న గ్లవ్స్ ఫ్యాక్టరీలో పనిచేసి మానేశాడు. అంతకుముందు రబ్బరు తోటలో పాలు గీసినవాడు. వదినకి గ్లకోమా, కంటి నరం మెల్లగా ఎండిపోయే జబ్బు. ఎదురుగా ఉన్నది గొట్టంలోంచి చూసినట్టు కనిపిస్తుంది గాని పక్కలూ, కాళ్ళ దగ్గరా కనిపించవు. పోయిన చూపు రాదనీ, ఉన్నది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేననీ డాక్టరు అన్నాడట. లండన్‌లో జనం, అద్దాలు, దీపాలు ఆమెకు కళ్ళలో నొప్పి తప్ప ఏమీ మిగల్చలేదు. ఖాళీ పొలంలో ఒంటరిగా నిలబడిన పెద్ద కట్టడమైతే తనకు అందుతుందని ఆమె ఆశ. నడవాలంటే మాత్రం భర్త చెయ్యి ఉండాలి.

ఊరి చివర ఒక చెక్క గేటు ఉంది. ఆవులు దాటకుండా, ఒకసారికి ఒక్క మనిషే పట్టేలా ఆడే గేటు. దాన్ని అక్కడ కిస్సింగ్ గేట్ అంటారని గైడ్ హెలెన్ చెప్పగానే కుర్రకారు ముసలి జంటలని ఆటపట్టించడం మొదలుపెట్టారు. సన్నగా చినుకులు పడుతున్నాయి. అందరూ దాటి వెళ్ళారు. వెనక మిగిలినవాళ్ళని చూసుకోవడం నా పని కాబట్టి నేను చివర ఉన్నాను. సన్యాసి అన్న గేటు ముందు ఆగిపోయాడు.

కాలు నొప్పా అని అడిగాను.

“నొప్పి కాదు తమ్ముడూ. ఇది ఎవులిదో పొలం.”

పొలం ఒకరిదే, అందులోంచి పోయే కాలిబాట మాత్రం అందరిదీ. ఇంగ్లండులో దాన్ని పబ్లిక్ ఫుట్‌పాత్ అంటారు. పొలం సొంతదారు కూడా ఎవరినీ ఆపకూడదు, అది చట్టం. ఇదంతా నేను చెప్పాను. వెనక్కి వచ్చిన హెలెన్ కూడా ఓపికగా చెప్పింది. అన్న మర్యాదగా తలూపాడు గాని కదల్లేదు. గేటు మీద నడిచేవాళ్ళ కోసం కొట్టిన పసుపు బాణం గుర్తు చూపించాను. ఆయన పక్కనే ఉన్న ఇంకో గేటు మీది ‘ప్రైవేట్’ బోర్డు చూపించాడు.

“రెండూ ఒకే కంచెకున్నాయి గదా.”

మిగతావాళ్ళంతా వెళ్ళారు కదా అన్నాను. వాళ్ళు టౌనులో పుట్టినోళ్ళు అన్నాడు. అప్పటికి నాకు విసుగు వస్తోంది. నడిచి నడిచి నా పాదాలు మంట పుడుతున్నాయి. ఆయన నా వైపు చూడకుండా, గడ్డి వైపు చూస్తూ చెప్పాడు.

“మా అయ్య ఒక్కసారే తొక్కినాడు. సెల్లికి జొరం. భుజానేసుకుని ఆస్పత్రికని దొర బంగళా గడ్డి మీంచి అడ్డంగా ఎల్లినాడు. తెల్లారేసరికి కిరాణీ వచ్చినాడు, లైను ఇల్లు కాళీ సెయ్యమని. సెల్లి బతికింది. పని పోయింది.”

కిరాణీ అంటే మా తోటల్లో గుమాస్తా. లైను ఇళ్ళంటే కూలీలకిచ్చే వరస గదులు. ఇల్లు, పని, రేషను అన్నీ తోట నడిపే తెల్లదొరవే కాబట్టి ఒకటి పోతే అన్నీ పోయేవి. ఈ కథ వదిన చాలాసార్లు విన్నదే.

ఇంతలో పొలం రైతు జీపులో వచ్చాడు. మా అబ్బాయి వయసుంటుంది. చప్పుడు వినగానే సన్యాసి అన్న బాట దిగి పక్కకు జరిగి, గొడుగు ముడిచి, తల వంచుకుని నిలబడ్డాడు. తోటల్లో అది పద్ధతి. దొర కారు వస్తే సైకిలు దిగాలి, గొడుగు ముడవాలి. ఆ తోటలు ముక్కలై ఇళ్ళ స్థలాలై ఎన్నో ఏళ్ళయింది. ఆయన బట్టతల మీద వాన పడుతోంది. రైతుకి ఏమీ అర్థం కాక మా వైపు చూశాడు.

హెలెన్ సంగతి చెప్పింది. ఈ పెద్దాయనకి వెళ్ళండి అని ఒక్క మాట చెప్పమని నేను అడిగాను. రైతు మంచివాడే. నవ్వి, అనుమతి ఇవ్వడానికి తనెవరన్నాడు. తన తాతలు ఈ పొలం కొనక ముందు నుంచీ ఆ బాట ఉందనీ, దాని మీద తనకే హక్కూ లేదనీ చెప్పాడు. అంతకన్నా మంచి కబురు ఉండదనుకుని నేను మాట పొల్లుపోకుండా తెలుగులో చెప్పాను.

అన్న మొహం వాడిపోయింది. “అయితే అనుమతి ఇయ్యనన్నాడా?”

“ఇవ్వడానికి ఆయనకి అధికారం లేదన్నా.”

“అంటే ఇయ్యనేదు.”

జీపు వెళ్ళిపోయింది. ఇద్దరినీ బస్సులో కూర్చోబెడదామని నోరు తెరుస్తుండగా వదిన తడుముకుంటూ గేటు పట్టుకుంది.

“నువ్విక్కడే నిలబడు. ఆ దొర మళ్ళీ వస్తాడేమో, కాసుకో. నానెల్తాను.”

“పడిపోతావే.”

“పడితే గడ్డే గదా, తారు రోడ్డా.”

గేటు దాటింది. చూపు ముందుకే, కాలు ఎటు పడుతోందో తెలియదు. నది వైపు వాలు ఉంది. నాలుగడుగులకే ఆమె బాట వదిలి అటువైపు జారిపోసాగింది. పరుగెత్తబోయాను. గేటులో ఒక్కరికే చోటు, అందులో అప్పటికే సన్యాసి అన్న ఉన్నాడు.

ఆయన ఆమె మోచెయ్యి పట్టుకుని బాట మీదికి తెచ్చాడు. గొడుగు విప్పి ఆమెకు పట్టాడు. తాను మాత్రం గొడుగు కిందికి రాలేదు. నా గొడుగు ఇవ్వబోతే వద్దన్నట్టు తలూపాడు. దారంతా దూరంగా ఉన్న రైతు ఇంటి కిటికీల వైపే ఆయన కళ్ళు.

మఠం అంటే మిగిలినవి మొండి గోడలే. మావాళ్ళు అప్పటికే ఫోటోలు తీసుకుని చలికి ముడుచుకుంటున్నారు. వదిన నిలబడి, మెల్లగా తల తిప్పుతూ గోడ మొదలు నుంచి ముక్క ముక్కగా చూడసాగింది.

“అటుపక్క ఏటుంది?”

“ఆవులు.”

“ఆవుల్ని సూడ్డానికి విమానమెక్కినానా? గోడ సంగతి సెప్పు.”

అప్పుడు గాని ఆయన ఆ ఇంటి మీంచి కళ్ళు తిప్పలేదు. “కిటికీ ఉంది. అద్దం నేదు. లోపల సెట్టు మొలిసింది. మన రబ్బరు సెట్టంత ఉంటది. పైన కప్పు నేదు, వాన లోపలే పడతంది.” ఆయన చెప్పిన వైపల్లా ఆమె తల తిప్పి, దొరికినంత చూసుకుంది. మేమంతా వానలో నిలబడ్డాం. తొందరపెట్టడం నా ఉద్యోగం, కానీ ఆ రోజు గడియారం చూడలేదు.

తిరిగి వెళ్ళేటప్పుడు వేరే దారి ఉందా అని ఆయన నన్ను చాటుగా అడిగాడు. తారు రోడ్డు ఉంది గాని చాలా చుట్టు. మిగతావాళ్ళని హెలెన్‌తో పంపి, నేను వాళ్ళిద్దరితో రోడ్డు మీద నడిచాను. మేము చేరేసరికి బస్సు ఇంజను ఆన్ చేసి ఉంది. కంప్యూటర్ కంపెనీలుండే సైబర్‌జయలో ఉద్యోగం చేసే ఒకబ్బాయి, మా వల్ల తన షాపింగ్ పోయిందని వినపడేటట్టే సణిగాడు. నేను హెడ్‌కౌంట్ మొదలుపెట్టాను.

పక్క సీట్లోంచి హెలెన్ ఒక సంగతి అడిగింది. జీపు వచ్చినప్పుడు మీరిద్దరూ గొడుగులు ఎందుకు ముడిచారు అని. ఇద్దరమా అన్నాను. అవును, ముందు మీరే ముడిచారు అంది. చొక్కా కాలరు ముట్టుకుని చూసుకున్నాను, మెడ వెనక పూర్తిగా తడిసి ఉంది. నేనూ అలాంటి తోటలోనే పుట్టాను, విడిచింది పదేళ్ళ పిల్లవాడిగా.

అంతవరకూ భయపడేవాడికి విషయం తెలియదనీ, తెలియజెప్తే చాలుననీ అనుకునేవాణ్ణి. చట్టం సన్యాసి అన్నకి అర్థమైంది. పొలం ఉన్నవాడి ముందు అది ఎంతవరకు నిలుస్తుందో రైతుకన్నా, నాకన్నా ఆయనకే బాగా తెలుసు. ఆయన్ని నడిపించింది అది కాదు. ఆ తర్వాత చేసిన టూర్లలో ఎవరైనా గుమ్మం దగ్గర ఆగిపోతే, వివరించడం మానేసి పక్కన నిలబడేవాణ్ణి. కొందరు దాటేవారు, కొందరు దాటేవారు కాదు. దాటనివాళ్ళతో రోడ్డు మీద చుట్టు తిరిగి నడిచాను.

ఇప్పుడు వదినకి చూపు దాదాపు లేదు. పెళ్ళిళ్ళలో కలిసినప్పుడు ఎవరైనా ఇంగ్లండు కబుర్లు అడిగితే, “ఆయన్నడగండి, బాగా సూసినాడు” అంటుంది. ఆయన మొదలుపెడతాడు. నది, పచ్చిక, కిటికీలో చెట్టు, కప్పు లేని గోడల మీద వాన. ఆవిడ ఆ గొంతు వైపే మొహం తిప్పి వింటుంది. ఆయన చెప్పేదాంట్లో గేటు ఉండదు, జీపు ఉండదు. నేను పక్కనే కూర్చుని ఉంటాను. గుర్తుచెయ్యను.