పసుపు రాసిన షేర్ల దరఖాస్తులు

"వానలు పడంగనే కొత్త వల కొనాలె బిడ్డా. గీ చిట్టి నాకే ముందుగాల ఎత్తియ్యి" అని చేపలమ్మే అవ్వ అన్నప్పుడు, ఆమె వేలిముద్ర వేసిన షేర్ల దరఖాస్తు నా చేతిలో ఉంది. శామీర్‌పేటలో మా అమ్మ ఇంటి అరుగు మీద కూర్చున్నాం. ఆమె కొంగుముడి విప్పి ఇచ్చిన నోట్లు ఇంకా తడిగానే ఉన్నాయి. నాకు మొదటిసారి భయం వేసింది అప్పుడే.

"అవ్వా, ఇది చిట్టి కాదే" అన్నాను.

"ఏందో నాకేమెర్క? నువ్వు పెట్టినవంటే చిట్టేనాయె. పసుపు గూడ రాస్తివి గద!"

అరుగు మీది ఆడవాళ్ళు నవ్వారు. ఎదురింట్లో బట్టలు కుట్టే ఆమె, "గీ అవ్వకు లోకమంత చిట్టీలే. అది కంపెనీ అవ్వా! ఏడాదిల డబల్ అయితదంట" అంది. డబల్ అవుతుందని నేను ఎవరితోనూ అనలేదు. కాదని ఆ పూట కూడా అనలేకపోయాను.

మా ఆయనకు మేడ్చల్‌లో చిన్న ఫ్యాక్టరీ ఉంది. మందుసీసాల మూతలు చేస్తారు. తుర్కపల్లి వైపు మందుల కంపెనీలు వస్తున్నాయని, పెద్ద మిషను వేస్తే ఆర్డర్లన్నీ మనవేనని ఆయన ఆశ. ఆ మిషను డబ్బు కోసం కంపెనీ షేర్లు జనానికి అమ్మాలనుకున్నారు. ఆ మధ్య నిబంధనలు సడలించారు. ఇదివరకు షేరు ధర ఢిల్లీలో ఖాయం చేసేవారట, ఇప్పుడు కంపెనీవాళ్ళే వేసుకోవచ్చట. నగరం నుంచి వచ్చిన సలహాదారు మా ఇంట్లో ఉప్మా తింటూ ఈ సంగతి చెప్పాడు. డైరెక్టర్లు తక్కువయ్యారని నా చేత కూడా సంతకం పెట్టించాడు. డిగ్రీ చదివినదాన్నే, అయినా ఆయన తెచ్చిన షేర్ల వివరాల పుస్తకంలో నష్టభయాల గురించి రాసిన పేజీలను గబగబా తిప్పేశాను. పొయ్యి మీద పాలున్నాయి.

పెళ్ళికి ముందు నుంచీ మా అమ్మ వాడలో నెలనెలా చిట్టీ నడుపుతున్నాను. మొదలుపెట్టే రోజు పుస్తకం నాలుగు మూలలా పసుపు రాస్తాం. ఆ అలవాటుకొద్దీ దరఖాస్తులకూ రాశాను. అదే అరుగు మీద, అదే సంచిలోంచి తీసి పంచాను. వాళ్ళు ఏమనుకోవాలి మరి?

సంచి పట్టుకుని మేడ్చల్ చేరేసరికి పొద్దు గూకింది. దరఖాస్తులు బ్యాంకులో ఇవ్వడానికి మరునాడే ఆఖరి రోజు. అమ్మకానికి పెట్టిన షేర్లలో నూటికి తొంభై వంతులు నిండకపోతే వసూలైనదంతా ఎవరిది వాళ్ళకు తిరిగి ఇచ్చేయాలి. మిషనుకు కట్టిన బయానా పోతుంది. ఆ బయానా కోసం మేముంటున్న ఇల్లే తాకట్టు పెట్టాం. ఆయన కాళ్ళు కడుక్కుని అన్నానికి కూర్చున్నాక విషయం చెప్పాను.

"గిప్పుడు పోయి పరేషాన్ జేస్తే ఎవ్వలుంటరు? రేపొక్కరోజు ఊకో. అయిపోయినంక నిమ్మళంగ చెప్పు" అన్నారు.

"అయిపోయినంక చెప్తే ఏం లాభం? అవ్వ వానలకు వల కొనాలంటున్నది. షేర్లు అప్పటికి అమ్ముడువోతయని మీరు రాసిస్తరా?"

"నేను వాళ్ళను ముంచుతనా? నా మీద నమ్మకం లేదా నీకు?"

"నాకున్నది. వాళ్ళు మిమ్మల్ని చూసి ఇయ్యలే. నా చిట్టీని చూసి ఇచ్చిన్రు."

ఆయన ముద్ద పళ్ళెంలో వదిలేశారు. "పెద్ద డైరెక్టరమ్మవు గద! పో, మీటింగు పెట్టి చెప్పు" అని చెయ్యి కడిగేసుకున్నారు. మూతలు పోసే అచ్చుల వేడికి కమిలిన ఆ వేళ్ళు చూస్తే నాకు కోపం కూడా రాలేదు. ఆరు నెలలుగా ఆ మనిషి సరిగ్గా నిద్రపోలేదు. నేనూ అంతే. ఏది కాపాడితే ఏది పోతుందో అని ఆలోచించే ఓపిక కూడా అయిపోయింది.

ఇది జరిగి రెండు వారాలు. ఎన్ని వంతులు నిండాయో బ్యాంకుల నుంచి ఇంకా తెలియలేదు. పిల్లలు పడుకున్నాక రాస్తున్నాను. ఇల్లు పోతే అది నా వల్లేనని ఆయన అనరు, నాకు తెలుసు. అనకపోవడమే కష్టంగా ఉంటుంది.

ఆ రాత్రి గొడవ అయిన మరునాడు పొద్దున ఆయన టీ తాగకుండానే ఫ్యాక్టరీకి వెళ్ళిపోయారు. పిల్ల జడ వేయించుకుంటూ, "నాయినకు కోపమొచ్చిందా అమ్మా?" అని అడిగింది. పిల్లవాడు బూటు చేతిలో పట్టుకుని నా మొహం చూస్తున్నాడు. వాళ్ళకేమీ తెలియనివ్వకూడదని అప్పటిదాకా అనుకున్నాను. కానీ చెప్పేశాను.

"వచ్చింది. మీ మీద కాదు. అమ్మమ్మ వాడల నాకు పైసలిచ్చినోళ్ళకు అవి వస్తయో పోతయో నేను సక్కగ చెప్పలే. ఇప్పుడు పోయి చెప్పి, కావాలన్నోళ్ళకు వాపస్ ఇచ్చి, ఉండనీయమన్నోళ్ళవి బ్యాంకుల కట్టి వస్త. తాళంచెవి పక్కింట్ల ఉంటది, అన్నం గిన్నెల ఉంటది. నాయిన వచ్చి అమ్మ ఏడికి పోయిందని అడిగితే దాచకుండ్రి. ఉన్నదున్నట్టు చెప్పుండ్రి."