స్టెప్నీలో గాలి

మా పాత ఫోర్‌వీల్ డ్రైవ్ బండి డీజిలు తెగ తాగేస్తోందని ఈ రోజు పాలకొల్లులో మెకానిక్ శ్రీనుకి చూపించాను. ఇంజను విప్పుతాడనుకుంటే, చక్రాల దగ్గర కూర్చున్నాడు.

"గాలి ఇంత తక్కువుంచారేంటండీ? మైలేజీ ఎలాగొస్తుందండీ?"

"రొయ్యల చెరువు గట్ల మీద బురదలో జారకుండా మా వారు ఇంతే ఉంచేవారు."

"అయ్యగారు పోయాక చెరువులు కౌలుకిచ్చేశారు కదండీ అమ్మగారూ! ఇప్పుడు తిరిగేది తారు రోడ్డే కదండీ."

నిజమే. అయినా గాలి కొట్టించిన ప్రతిసారీ బంకులో ఆయన లెక్కే చెబుతున్నాను. ఎక్కడా లేని బురద కోసం ఇన్నాళ్ళూ డీజిలు తగలేశానన్నమాట.

నాలుగు చక్రాలకూ సరిపడా గాలి కొట్టి, శ్రీను వెనకనున్న స్టెప్నీ వైపు నడిచాడు.

"దాన్ని ముట్టుకోకు శ్రీనూ."

"వాడకపోయినా మెల్లగా దిగిపోతుందండీ."

"దిగనీ."

దారంతా బండి తేలిగ్గా పరుగెత్తింది. ఆ తేలికే నాకు నచ్చలేదు.

మైలేజీ పెంచే చిట్కాలు ఇంకేమైనా ఉంటే చెప్పండి, తప్పకుండా పాటిస్తాను. స్టెప్నీ జోలికి మాత్రం రాకండి. అందులో ఉన్నది ఆయన తన చేత్తో కొట్టిన గాలి. ఉన్నన్నాళ్ళు ఉంటుంది.