గడ్డం పోవాలంటే గడ్డం పెంచాలి

గడ్డం శాశ్వతంగా పోవాలంటే ముందు దాన్ని పెంచాలి. ఈ మాట మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది. మీసం మొలిచిన నాటి నుంచి పొద్దున్నే ఎవరూ లేవకముందే అద్దం ముందు నిలబడి గీసిపారేస్తున్న దాన్ని, ఇప్పుడు రెండు మూడు రోజులు ముద్దుగా పెంచి తీసుకెళ్ళాలట! వెంట్రుక ప్లక్కర్‌కు దొరికేంత ఉంటేనే సన్నటి సూది దాని పక్కనుంచి కుదురు దాకా దిగుతుంది. అక్కడ కొంచెం కరెంటు పెడితే కుదురు చచ్చిపోతుంది, వెంట్రుక ఊడి వస్తుంది. ఒక్కొక్కటిగా, మొహమంతా. ఎన్నాళ్ళు పడుతుందని అడిగితే కచ్చితంగా చెప్పేవాళ్ళు లేరు.

అవి తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. కొన్ని నెలల ముందే నేను చొక్కా ప్యాంటూ వదిలేసి సల్వార్ కమీజులోకి మారాను. కొడుకుగా పెరిగిన ఇంట్లోనే కూతురిగా ఉండడం మొదలుపెట్టాను. ఎల్బీనగర్‌లో రెండు గదుల కిరాయి ఇల్లు, అందులో నేనూ అమ్మా. నాన్న పోయి చాలా కాలమైంది, అక్క పెళ్ళయి నల్గొండ వైపు ఉంటోంది. అమ్మ ఇంట్లో చీరలకు ఫాల్స్ కుట్టేది. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లకు మెటీరియల్ టైపు చేసే డీటీపీ షాపులో పనిచేసేదాన్ని. "ఎట్లన్న రా, తప్పుల్లేకుంట కొట్టు, చాలు" అన్నాడు ఓనరు. ఆ మాటకు ఆయనకు ఇవాళ్టికీ దండం పెడతాను.

అమ్మ నన్ను వెళ్ళగొట్టలేదు. అలాగని దగ్గరికీ తీసుకోలేదు. వేళకు అన్నం పెట్టేది కానీ, "తింటవా?" అన్న మాట కూడా కంచాన్ని చూస్తూ అడిగేది. వీధిలో వాళ్ళు ఏమంటారోనన్న బెంగ నాకెప్పుడూ లేదు. అననీ, నాకూ నోరుంది. అమ్మ ఒక్కసారి నా మొహంలోకి తిన్నగా చూస్తే చాలనిపించేది. ఈ గరుకు పోతే చూస్తుందని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ ఆశతోనే సూది కింద అంతంత సేపు పళ్ళు బిగపట్టి పడుకున్నాను.

సూది వేసే మేడంది గుంటూరు వైపు. దిల్‌సుఖ్‌నగర్ సందులో చెప్పుల షాపు పై అంతస్తులో ఆవిడ క్లినిక్. మొదటి రోజు నేను గుమ్మం దగ్గర తటపటాయిస్తుంటే "రండమ్మా, కూర్చోండి" అన్నారు. ఎగాదిగా చూడలేదు, పిచ్చి ప్రశ్నలు వేయలేదు. ఎన్ని కౌంటర్ల దగ్గర, ఎన్ని ఆటోల్లో ఆ ఒక్క "అమ్మా" కోసం ఎదురుచూశానో ఆవిడకు తెలియదు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఈరోజు నా మొహం ఇంత నున్నగా ఉందంటే అది ఆవిడ చలవే, కానీ నాకు ముందు గుర్తొచ్చేది ఆ పిలుపే.

రాష్ట్రం సంగతి వస్తే మాత్రం మా ఇద్దరికీ పడేది కాదు. "విడిపోతే మమ్మల్ని పొమ్మంటారా ఏంటమ్మా? మా పిల్లలు పుట్టిందే ఇక్కడ" అనేవారు, సరిగ్గా నా పై పెదవిలో సూది ఉన్నప్పుడు. కళ్ళలోంచి ధారగా నీళ్ళు కారుతుంటే ఏం వాదిస్తాం? సూది తీశాక "మిమ్ములనెవరు పొమ్మంటరు మేడం? మా కొలువులు మాక్కావాలంటున్నం, గంతే" అనేదాన్ని. "సరే సరే, పెదవి కదపకండి" అంటూ ఇంకో వెంట్రుక పట్టుకునేవారు. ఊరేగింపు కనిపిస్తే నేనూ గొంతు కలిపేదాన్నే. అయినా ఆవిడ భయపడుతుంటే నాకు బాధేసేది.

ఒకసారి గడ్డం పెంచుకుని సిద్ధంగా ఉంటే బంద్ అన్నారు. మేడం ఫోన్ చేసి షటర్ తీయడం లేదు, రేపు రండి అన్నారు. రేపేమో రాస్తారోకో, బస్సుల్లేవు. గీసేస్తే కథ మళ్ళీ మొదటికొస్తుంది. ఉంచుకుంటే అద్దం వైపు తిరగలేను. పాల ప్యాకెట్ కోసం వెళ్ళాల్సి వస్తే, స్కూటీ మీద పోయే అమ్మాయిల్లాగా చున్నీ మొహమంతా చుట్టుకుని కళ్ళు మాత్రం బయట పెట్టేదాన్ని. హైదరాబాద్ ఎండకూ పొగకూ నేను ఎంతో రుణపడ్డాను, చున్నీ ఎందుకు చుట్టుకున్నావని ఈ ఊళ్ళో ఏ ఆడపిల్లనూ ఎవరూ అడగరు.

ఆ మర్నాడు చౌరస్తాలో వంటావార్పు పెట్టారు. రోడ్డు మీదే పొయ్యిలు వెలిగించి, వండుకుని, అక్కడే తిని నిరసన తెలపడం. మా వీధి ఆడవాళ్ళంతా కదిలారు, అమ్మ కూడా పోయింది. నేను గడ్డంతో, గడియ పెట్టుకుని, ఫ్యాన్ కింద కూర్చున్నాను. మధ్యాహ్నం అమ్మ తిరిగొచ్చి తలుపు కొట్టింది. తీశాను. చున్నీ వేసుకోవడం మరిచిపోయాను. అమ్మ గుమ్మంలోనే ఆగి నా మొహం చూసింది. ఇన్ని నెలలు చూడనిది ఇప్పుడా చూడడం!

"ఏంది, అట్ల చూస్తున్నవ్?" అని కసిరాను.

చెప్పులు విడిచి నేరుగా వంటింట్లోకి పోయింది. శనగపిండి, పసుపు, నువ్వుల నూనె కలిపి ముద్ద చేసి తెచ్చింది.

"గిట్ల కూసో."

"ఏంది గది?"

"నలుగు. కూసో అంటున్న గదా."

కూర్చున్నాను. పసిపిల్లల నూగు పోవడానికి రుద్దినట్టే, గడ్డం మీద ఆ ముద్దను ఒత్తి ఒత్తి రుద్దింది. నా గడ్డం పసిపిల్ల నూగా, అంత సులువుగా ఊడడానికి? వెంట్రుకలు పిండిలో చిక్కుకుని చర్మాన్ని పీకుతుంటే సూదే నయమనిపించింది. తోలు లేచిపోతోందని తెలుస్తూనే ఉంది. ఇన్నాళ్ళు ఓపిక పట్టి పెంచింది వృథా అవుతుందనీ తెలుసు. ఒక్క మాటంటే ఆపేసేది. నేను అనలేదు. అమ్మ చేతులు నా చెంపల మీద ఉన్నాయి, అవి ఎక్కడ తీసేస్తుందోనని భయం. వెక్కి వెక్కి ఏడ్చాను. నొప్పికనుకుందేమో, "జర ఓర్సుకో" అంది.

మర్నాడు క్లినిక్ తెరిచారు. చున్నీ విప్పగానే మేడం ఉలిక్కిపడ్డారు.

"అయ్యో, ఏంటమ్మా ఇదీ! ఎవరు చేశారు?"

"మా అమ్మ" అన్నాను. ఎంత గర్వంగా అన్నానో!

మేడం సూది పక్కన పెట్టేశారు. చర్మం ఇలా గీసుకుపోయి ఉండగా కరెంటు పెడితే మచ్చలు పడతాయని, పూర్తిగా మానేదాకా రావద్దని చెప్పారు. చల్లటి జెల్ రాస్తూ, "ఇంటికెళ్ళి ఆవిడ మీద అరవకండి, పాపం" అన్నారు. నా నోటి సంగతి ఆవిడకు బాగా తెలుసు.

అరవలేదు. నేను వెళ్ళేసరికి అమ్మ కిటికీ దగ్గర కూర్చుని ఫాల్ కుడుతోంది. పక్కన చతికిలబడి మెల్లగా చెప్పాను.

"ఇయ్యాల సూది వెయ్యలే అమ్మా. తోలు లేచిందట. పిండితోని పోయేటివి కావు ఇవి. ఇంకోసారి పెట్టకు."

అమ్మ కుట్టడం ఆపింది.

"మీ అక్కకు పుట్టినప్పటి సంది దినాం పెట్టిన," అంది. "నడక వచ్చేదాంక పెట్టిన. నీకు పెట్టలే. మొగపోరడు గదా, రేపు మీసం రాకుంటె ఎట్ల అని కావాల్నే పెట్టలే."

ఎర్రబడిన నా చెంపను వేలి కొసతో తాకి చూసింది. కళ్ళు నా మొహం మీదే ఉన్నాయి.

"నువ్వు ఆడపిల్లవని గప్పుడు నాకెవరు చెప్పిన్రు బిడ్డా? ఎర్కుంటె పెట్టకపోదునా?"