ఐస్‌పెట్టెలో రేసు కారు

బందరులో మా వీధి మెకానిక్ మావయ్య పోయారని మొన్న తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. ఆయన మాకు చుట్టం కాదు, మా పక్కింట్లో స్కూటర్ల షెడ్డు నడిపిన మనిషి. ఫోన్ పెట్టేశాక నాకు ఏడుపు రాలేదు, గుండెల్లో దడ మొదలైంది. ఆయన పేరు చెబితే ముందు ఒక రేసు రోజు పడ్డ దడే గుర్తొస్తుంది.

ఇంజినీరింగ్ మూడో సంవత్సరంలో మేం నలుగురం కలిసి ఒక రిమోట్ రేసు కారు తయారుచేశాం. మట్టి దిబ్బల మీంచి దూకాల్సిన కారు. నడిపేది నేను. దూకిన ప్రతిసారీ అది నేల తాకగానే మళ్లీ ఎగిరి బోల్తా కొట్టేది. గుడివాడలో పోటీకి వారం ఉందనగా జట్టులోని అబ్బాయిలు తేల్చి చెప్పేశారు, అక్కడా బోల్తా పడితే రిమోట్ ఇక నా చేతికివ్వరట. తప్పు కారుదేనని తెలిసినా నాకు అన్నం సయించలేదు.

మావయ్యకి చూపిస్తే రెండు వేళ్లతో కారు నడుం నొక్కి వదిలారు. స్కూటరైనా అంతే, సీటు నొక్కి, ఎన్నిసార్లు ఊగిందో చూశాకే నోరు విప్పేవారు.

“స్ప్రింగు ఎగరేసుద్దమ్మా, ఆయిలు ఆపుద్ది. నీ దాంట్లో ఆపేది లేదు,” అన్నారు.

కుదుపు ఆపే షాకబ్జర్లు మా కారుకి చూపుడువేలంత ఉన్నాయి. వాటికి తగిన నూనె బందరులో ఎక్కడ దొరుకుతుంది? కుట్టుమిషను నూనెలో ఆముదం కలిపి మూడు రోజులు పోశారు, తీశారు, మళ్లీ పోశారు. నాలుగో రోజు పొద్దున్నే, చలిలో, ఇసక కుప్ప మీంచి దూకిస్తే కారు బుద్ధిగా దిగింది.

పోటీలో మా వంతు మిట్టమధ్యాహ్నం వచ్చింది. మాతో వచ్చిన మావయ్య కారు నొక్కి చూసి తెల్లబోయారు. తెగ ఊగుతోంది. పొద్దుటి చలికి చిక్కగా ఉన్న ఆముదం ఎండకి పల్చబడిపోయింది. ఇంజినీరింగ్ వెలగబెడుతున్న నాకూ ఆ సంగతి తట్టలేదు.

“పొరపాటు నాదేనమ్మా. పొద్దున చూసి మురిసిపోయాను,” అంటూ ఆయన పరిగెత్తారు. చేపలమ్మే ఆయన భార్య ఆ రోజు గుడివాడ మార్కెట్‌కి సరుకు తెచ్చారు. ఆమె ఐస్‌పెట్టెని ఆయన భుజాన వేసుకొచ్చి, కారుని పాలిథిన్ కవర్లో చుట్టి ఐసు మీద పెట్టారు. మా అబ్బాయిలు ముక్కు మూసుకుని నవ్వారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మూత మీద చెయ్యేసుకుని కూర్చుని, “మన నంబరు పిలిచారా?” అని ఆయన పదిసార్లు అడిగారు.

“భయంగా ఉంది మావయ్యా.”

“నాకూ ఉంది. భయం లేనోడు నట్టు సరిగ్గా బిగించడమ్మా.”

ఒక్కో కారునే వదులుతున్నారు. మాది గాల్లోకి లేచింది. దిగింది. ఒక్కసారి ఊగి, ముందుకు పోయింది. బహుమతేమీ రాలేదు కానీ రిమోట్ నా చేతిలోనే ఉండిపోయింది.

ఆయనకి ఒక్కసారైనా థాంక్స్ చెప్పానా అని మొన్నటి నుంచీ వెతుక్కుంటున్నాను. చెప్పలేదనే అనిపిస్తోంది, సిగ్గేస్తోంది. ఆ రోజు కారు ఆపి చూస్తే ఆయన దిబ్బ అవతల మట్టిలో గొంతుక్కూర్చుని ఉన్నారు. కారు దిగిన చోట నాలుగు చక్రాల గుర్తులూ ఒకే లోతున పడ్డాయి. తర్వాతి జట్టువాళ్లు తొందరపెడుతుంటే, ఆయన వాటికి రెండు చేతులూ అడ్డం పెట్టి బతిమాలుతున్నారు.

“ఒక్క నిమిషం ఆగండి బాబూ. మా అమ్మాయి చూడాలి.”