బెంచీలాయన చేసిన పందెం పడవ

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఒకటి ఈ లోకంలో ఉంటుందని ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేదాన్ని కాదు. పాలిటెక్నిక్ ముగించి, కర్నూలులో ఇళ్ళ ప్లాన్లు గీసే ఒక ఆఫీసులో చేరి అప్పటికి ఎనిమిది నెలలు. కల్లూరు వైపు కొత్తగా లేస్తున్న ఇళ్ళలో కొన్నిటికి మెట్లు నేనే గీశాను. (అందులో ఒక ఇంటివాళ్ళు ఇప్పటికీ తల వంచుకునే మిద్దె ఎక్కుతారు. అది భక్తి కాదు.)

మా నాయన వడ్రంగి. చుట్టుపక్కల పల్లెల చర్చిలకు బెంచీలు చేసీ చేసీ ఆయనకు 'బెంచీలాయన' అనే పేరు స్థిరపడింది. ఆయన చేసిన బెంచీ ఊగుతోందని ఎవరూ ఎప్పుడూ వెనక్కి తీసుకురాలేదు. ఆ సంగతి తన నోటితో చెప్పుకోడు గాని, ఎవరైనా చెబుతుంటే వినడానికి పని ఆపేవాడు. అయితే ఆ ఏటికి చర్చిలన్నిటికీ ప్లాస్టిక్ కుర్చీలు వచ్చేశాయి. నాయన ఇంటి ముందు రేకుల షెడ్డులో కూర్చుని, పదునుగా ఉన్న ఉలినే మళ్ళీ మళ్ళీ నూరుతుండేవాడు. అది చూడలేకే పడవ పనికి దిగానని ఇప్పుడు అందరికీ చెబుతుంటాను. నిజానికి ఫోనులో తెరచాప పడవల పందేలు చూసి చూసి నాకు పిచ్చి ఎక్కింది. ఇంట్లోనే చెక్కతో చేసుకోగల పందెం పడవ నమూనా ఒకటి ఇంటర్నెట్‌లో దొరికింది. పన్నెండడుగుల పొడవు, ఒక తెరచాప, ఒక మనిషి. ఆఫీసులో దాన్ని ప్రింటు తీసుకొచ్చి నాయన ముందు పరిచాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసి, "బెంచీ నేల మింద కదలకుండా ఉండల్ల. ఇది నీళ్ళ మింద కదలల్ల. అంతే కదా పాపా," అన్నాడు. ఆ మరునాడే ప్లైవుడ్డు వచ్చింది. మా అమ్మ మాత్రం బిందె చంకన పెట్టుకుని గేటు దగ్గర నిలబడి, "ఈడ బిందెడు నీళ్ళకు కొళాయి కాడ కొట్లాడతాండాము. తండ్రీ కూతుర్లు పడవ చేస్తాండారు," అని వీధికంతా వినబడేలా అంది.

ఎండాకాలమంతా అదే పని. కర్నూలు ఎండకు జిగురు చెక్కకు అంటేలోపే డబ్బాలో గట్టిపడేది, అందుకని తెల్లారకముందే లేచి అంటించేవాళ్ళం. పొడవు నమూనా మీద అంకెల్లో రాసి ఉంది. వెడల్పు రాసి లేదు. నేను స్కేలు పెట్టి కొలిచి, లెక్క కట్టి, ఇంతని చెప్పాను. నాయన పక్కటెముకల్లాంటి అడ్డచెక్కలు కోస్తూ రోజుకొకసారి అనుమానపడేవాడు. "ఇంత సన్నగా ఉండాదే పాపా. మనిషి కూకుంటే పక్కకు ఒరగదా?" నేను, ఎనిమిది నెలల అనుభవంతో, "పందెం పడవ సన్నగానే ఉంటాది నాయనా. ఇది బెంచీ కాదు," అనేదాన్ని. ఆయన తల ఊపి కోసుకుపోయేవాడు. వీపు ఆనుకోవడానికి ఒక చెక్క మాత్రం ఉండి తీరాలని పట్టుబట్టి పెట్టాడు. ఇక తెరచాప కుట్టింది మా పక్కింటి షామియానా చిచ్చా. ఆయన దగ్గర ఉన్న గట్టి గుడ్డ ఒక్కటే, పెళ్ళి పందిళ్ళకు కట్టే ఎరుపు, పసుపు చారల గుడ్డ. "ఫికర్ వద్దు బేటీ. ఈ గుడ్డ ఎన్ని గాలులు చూసిందో," అన్నాడు. అంచుకు, పందిళ్ళకు కుట్టే అలవాటు కొద్దీ, కుచ్చుల జాలరు కూడా కుట్టి ఇచ్చాడు.

వానలు మొదలై కోడుమూరు అవతల ప్రాజెక్టులోకి నీళ్ళు వచ్చాయని తెలిసి, పత్తికొండకు ఖాళీగా తిరిగిపోతున్న టమోటాల బండిలో పడవను ఎక్కించాం. కోడుమూరులో టీకి ఆగితే ఒక పెద్దాయన చుట్టూ తిరిగి చూసి, "ఏమప్పా, పశువులకు తొట్టా? శానా బాగుండాది," అని మెచ్చుకున్నాడు. నాయన ముఖం వెలిగింది. ప్రాజెక్టు దగ్గర గంపలాంటి గుండ్రటి పుట్టిలో తిరుగుతూ చేపలు పట్టే ఒక మామ, అతని తోటివాళ్ళు మరో నలుగురు చేయి వేస్తే పడవ నీళ్ళలో దిగింది. దిగి, అందంగా తేలింది. ఒక్క చుక్క లోపలికి రాలేదు. నడుముకు లారీ ట్యూబు తగిలించుకుని (అది అమ్మ షరతు) నేను ఎక్కి కూర్చున్నాను. నాయన గట్టు మీద నుంచి చేయి ఊపాడు. నేనూ తిరిగి చేయి ఊపాను. చేయి ఎటు ఊపానో పడవ అటే ఒరిగిపోయింది. నేను నీళ్ళలో పడి, కాళ్ళు చేతులు కొట్టుకుంటూ నాయనా నాయనా అని కేకలు పెట్టాను. పుట్టి మామ గట్టు మీది నుంచి నిమ్మళంగా, "లేసి నిలబడు పాపా. మోకాలి లోతే," అన్నాడు.

అందరూ నవ్వారు. నాయన నవ్వలేదు. ఆ వారం పక్క వీధివాళ్ళు తలుపు చేయించుకుందామని వస్తే, "నా చెయ్యి పోయినట్టుండాదప్పా. ఇంకెవరినన్నా పిల్సుకోండి," అని పంపించేశాడు. అమ్మ నావైపు చూసింది.

సోమవారం ఆఫీసులో నేను ఒక ఇంటి ప్లానును స్కేలుతో కొలుస్తుంటే మా సారు వెనకనుంచి వచ్చి, "కాగితానికి పట్టేటట్టు కుదించి ప్రింటు తీసినావు కదమ్మా. దాని మింద స్కేలు పెడితే కొలత తప్పొస్తాదని ఎన్నిసార్లు చెప్పల్ల?" అన్నాడు. నా చేతిలో స్కేలు అలాగే నిలిచిపోయింది. పడవ నమూనాను కూడా నేను అలాగే తీశాను. నాలుగడుగుల పైన ఉండాల్సిన వెడల్పు మూడడుగులే వచ్చింది. ఆ మధ్యాహ్నం సీట్లో కూర్చుని, ఈ సంగతి చెప్పకపోతే ఏమవుతుందని కూడా ఆలోచించాను. దాచను, ఆలోచించాను. కానీ సాయంత్రం ఇంటికి వస్తే షెడ్డులో ఉలి నూరుతున్న చప్పుడు కూడా లేదు.

కాగితం ఆయన ముందు పెట్టి అంతా చెప్పాను. నాయన తనే స్కేలు తీసుకుని పొడవు కొలిచాడు. పన్నెండు రాసిన చోట తొమ్మిది లోపే వచ్చింది. మళ్ళీ కొలిచాడు.

"అంటే, నేను సరిగ్గానే చేసినానా?"

"నేను తప్పు చెప్పిన కొలతకు సరిగ్గా చేసినావు నాయనా."

తిడతాడనుకున్నాను. ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూనే చొక్కా తొడుక్కుని, చెప్పులేసుకుని బయటకు పోయాడు. చీకటి పడేలోపు వీధి వీధంతా తెలిసిపోయింది, తప్పు బెంచీలాయనది కాదని, వాళ్ళ పాపదని. ఆదివారం ప్రార్థన అయ్యాక పాస్టరుగారు నన్ను ఆపి, ఎంతో దయగా, "ఏమ్మా, కాగితం కుదించినావంట?" అని పరామర్శించారు. తలుపు పని కూడా నాయనే పోయి అడిగి తెచ్చుకున్నాడు.

పడవకు మందు పుట్టి మామ చెప్పాడు. పక్కలకు వెదురు బొంగులు అడ్డంగా కట్టి, వాటి చివర్లకు మూతలు బిగించిన ప్లాస్టిక్ డబ్బాలు తగిలించాం. కాలు జారకుండా రెండు చేతులూ చాచి ఏరు దాటుతున్న లావుపాటి ఆవిడలా తయారైంది. ఆషాఢం గాలికి మళ్ళీ తీసుకుపోయాం. ఈసారి ఒరగలేదు. పుట్టి మామకు హుషారు వచ్చి, "అవతల గట్టు దాకా పందెమా పాపా?" అన్నాడు. షామియానా గుడ్డ గాలిని ఒక్కసారి నిండా తాగింది. ఆ తరవాత నాకు గుర్తున్నది నీళ్ళ చప్పుడు, జాలరు రెపరెపలు, ఎక్కడో వెనక చిన్నగా అయిపోతున్న పుట్టి. అవతలి గట్టు మీద గొర్రెలు కాసే ఆవిడ చారల గుడ్డను చూసి, "ఎవరి పెండ్లి మ్మే?" అని అడిగింది. గెలిచాను. అప్పుడు వెనక్కి తిరగాలన్న ఆలోచన వచ్చింది. గాలి ఎటు వీస్తే అటు పోవడం తప్ప, గాలికి ఎదురు రావడం ఎలాగో నేను నేర్చుకోలేదు. (ఆ వీడియో మరుసటి వారం చూద్దామనుకున్నాను.) గంటసేపు తంటాలు పడ్డాక పుట్టి మామ నా పడవను తాడుతో తన పుట్టికి కట్టి, తెడ్డు వేసుకుంటూ లాక్కొచ్చాడు.

గట్టు దగ్గర నాయన మోకాళ్ళ దాకా నీళ్ళలోకి వచ్చి నిలబడి ఉన్నాడు. "ఎవరు గెల్సినారప్పా?" అని అడిగాడు.

"పొయ్యేటప్పుడు నీ కూతురు. వచ్చేటప్పుడు నేను," అన్నాడు పుట్టి మామ.

ఇప్పుడు నాకు సొంత ఆఫీసు ఉంది. నా కింద గీసేవాళ్ళకు నేను చాలా జాగ్రత్త మనిషినని పేరు. ఎక్కడికైనా బయలుదేరాలంటే సొంత బండి ఉన్నా, తిరిగి వచ్చే బస్సు వేళ కూడా కనుక్కుని గాని గడప దాటను. అది మంచి అలవాటేనని అందరూ అంటారు, నేనూ అంటాను. అయినా ఒక్కోసారి కోడుమూరు దారిలో పోతూ ఆ నీళ్ళు కనబడితే, లారీ ట్యూబు తగిలించుకుని, వెనక్కి ఎలా రావాలో తెలియకుండానే అంత సంతోషంగా బయలుదేరిన ఆ పిల్ల గుర్తొస్తుంది. కాసేపు బండి పక్కకు ఆపి, గాలి ఎటు వీస్తోందో చూసి, మళ్ళీ బండి తీస్తాను.